తిర్యక్కుల బుద్ధి: అనుమాన విచారం

తర్కసంగ్రహం చదువనారంభించిన విద్యార్థికి గుణనిరూపణంలో బుద్ధిలక్షణం ఎదురవుతుంది. సర్వవ్యవహారాలకు హేతువైన గుణం బుద్ధి అని, జ్ఞానమన్నా అదేనని అన్నంభట్టు నిర్వచించినాడు. ఆంధ్రుడైన ఆ పండితుని గ్రంథం దేశమంతటా తర్కానికి ప్రథమపాఠంగా నిలిచిన సంగతి ఓరియంటల్ కళాశాలల అధ్యాపకులకు చెప్పనక్కరలేదు. ఈ లక్షణంలో బుద్ధి కారణం, వ్యవహారం కార్యం. కార్యాన్ని చూచి కారణాన్ని నిశ్చయించడం అనుమానంలో ప్రసిద్ధమైన మార్గం గనుక, వ్యవహారాన్ని చూచి బుద్ధిని అనుమానించవచ్చునని వెంటనే తోస్తుంది. అయితే వ్యాఖ్యాతలలో కొందరు ఇక్కడ వ్యవహారమంటే శబ్దప్రయోగమే అని అర్థసంకోచం చేసినారు. జ్ఞానం లేనిదే మాట పుట్టదు గదా అని వారి ఆశయం. ఆ సంకోచాన్ని అంగీకరిస్తే, మాట లేని తిర్యక్కుల విషయంలో బుద్ధిని అనుమానించడానికి హేతువే లేకుండా పోతుంది. అంగీకరించక ప్రవృత్తినివృత్తులన్నింటినీ వ్యవహారమే అంటే, దీపంలో వచ్చిపడే శలభం మొదలు కొమ్మ విరిచి పనిముట్టు చేసుకొనే కాకి వరకు అన్నింటికీ ఒకే రకపు బుద్ధిని చెప్పవలసి వస్తుంది. ఈ రెండు కొసల నడుమ నిర్ణయం ఎట్లా జరగాలన్నదే జంతువుల బుద్ధిని పరిశీలించే ఆధునిక శాస్త్రానికి మూలప్రశ్న.

ఆ శాస్త్రం నూటయేభై సంవత్సరాలుగా పడిన తప్పటడుగులు, వాటిని దిద్దుకొన్న తీరు న్యాయశాస్త్ర పరిభాషలో చెప్పినప్పుడు చక్కగా తేటపడతాయి. ముఖ్యంగా ఉపాధి, యోగ్యానుపలబ్ధి అన్న రెండు భావనలు ఇక్కడ అలంకారాలుగా గాక పనిముట్లుగా ఉపయోగిస్తాయి. లేని బుద్ధిని ఉన్నదనుకొనే భ్రమను మొదటిది వారిస్తుంది. ఉన్న బుద్ధిని లేదనుకొనే భ్రమను రెండవది వారిస్తుంది. ఆధునికులు కనిపెట్టినదంతా ప్రాచీనులు ముందే చెప్పినారని చూపడం ఇక్కడి ఉద్దేశం కాదు. అటువంటి వ్యాసాలకు కొరత లేదు. వాటివల్ల శాస్త్రానికి గాని విజ్ఞానానికి గాని కలిగిన మేలు కూడా పెద్దగా లేదు.

బుద్ధి అన్న మాటను గురించి ఒక సంగతి ముందుగా చెప్పుకోవలసి ఉన్నది. సాంఖ్యులకు అది మహత్తత్త్వం, నైయాయికులకు ఆత్మగుణం, లోకంలో తెలివి. ఇంటెలిజెన్స్ అని పాశ్చాత్యులు వ్యవహరించేది ఈ మూడింటిలో దేనితోనూ పూర్తిగా కలియదు. పొందిన అనుభవాన్ని నిలుపుకొని, మునుపెన్నడూ ఎదురుకాని సందర్భంలో దానిని అన్వయించుకోగల సామర్థ్యమన్న అర్థంలోనే ఇకమీద ఆ పదం ప్రయుక్తమవుతుంది.

శాస్త్రాలలో తిర్యక్ప్రసంగం

పరుల మనస్సు ప్రత్యక్షం కాదు. తన ఆత్మలో కనిపించిన ప్రవృత్తినివృత్తులే పరులయందు లింగమని వైశేషిక సూత్రకారుడు కణాదుడు ఈ చిక్కుకు మార్గం చూపినాడు. తాను ఇష్టమైనదానికై కదులుతాడు, అనిష్టం నుంచి తొలగుతాడు. ఎదుటి శరీరంలోనూ అట్టి కదలిక కనిపిస్తే అక్కడా ఇచ్ఛాద్వేషాలు, వాటికి మూలమైన జ్ఞానం ఉన్నవని గ్రహిస్తాడు. బౌద్ధులలో ధర్మకీర్తి ఈ సమస్యకు సంతానాంతరసిద్ధి అని ఒక ప్రత్యేక గ్రంథమే రచించినాడు. దాని సంస్కృతమూలం నష్టమై, టిబెటన్ అనువాదంలో నిలిచింది.

శంకరభగవత్పాదుల అధ్యాసభాష్యంలోని పశువుల ప్రసంగం తరచు ఉదాహృతమయ్యేది, తరచు అపార్థానికి గురి అయ్యేది కూడా. కర్ర ఎత్తి వచ్చేవానిని చూచి ఆవు తనను కొట్టదలచినాడని పారిపోతుంది. పచ్చగడ్డి చేతపట్టిన వానిని చూచి ఎదురువస్తుంది. వివేకులనిపించుకొన్న పురుషులు కూడా కత్తి దూసిన బలవంతుని చూచి తొలగుతారు, తద్విపరీతుని చేరుతారు. కాబట్టి ప్రమాణప్రమేయ వ్యవహారం ఉభయులకూ సమానమే అని అక్కడి తాత్పర్యం. దీనిని పట్టుకొని, పశువులకూ మనుష్యులతో సమానమైన బుద్ధి ఉన్నదని భాష్యకారులు సిద్ధాంతీకరించినట్లు చెప్పేవారున్నారు. భాష్యంలో వాదం నడిచే దిక్కు అది కాదు. పశువుల వ్యవహారం అవివేకపూర్వకమన్నది అక్కడ అందరూ ఒప్పుకొన్న దృష్టాంతం. దానితో పోల్చి మనుష్యుల లౌకిక వ్యవహారం కూడా అధ్యాసమూలకమేనని సాధించడం ప్రయోజనం. అంటే పశువును మనిషి మెట్టుకు ఎక్కించడం కాదు, మనిషిని పశువు మెట్టుకు దింపి చూపడం. అయినప్పటికీ ఆ వాక్యాలలో ఒక సూక్ష్మమైన అంశం మిగిలి ఉన్నది. ఆవుకు కర్ర కనిపించిందని మాత్రమే గాక, కొట్టదలచినాడన్న ఎదుటివాని ఇచ్ఛ కూడా ఆవుకు తెలిసినట్లు భాష్యం చెప్పుతుంది. ఈ రెండింటికీ గల అంతరం ఎంత పెద్దదో ఈ విచారం చివర తెలుస్తుంది.

భర్తృహరి వాక్యపదీయం రెండవ కాండంలో ప్రతిభను నిరూపిస్తూ వేరొక దిక్కునుంచి ఇదే విషయాన్ని తాకినాడు. వసంతంలో మగకోకిల స్వరం మారడానికి కారకుడెవడు, గూడు మొదలైనవి కట్టడం ప్రాణులకు నేర్పినదెవడు అని ఆయన ప్రశ్న. పూర్వజన్మలనుంచి అనుసరించి వచ్చిన భావనయే ఆయన సమాధానం. ప్రశ్న చక్కనిది. సమాధానం పునర్జన్మను అంగీకరించినవారికే చెల్లుతుంది. ఆధునికులు దాని స్థానంలో వంశపారంపర్యంగా వచ్చే శరీరనిర్మాణాన్ని, దానిని తీర్చిదిద్దిన ప్రకృతివరణాన్ని నిలిపినారు. అదీగాక గూడు కట్టడం కూడా కేవలం సహజాతం కాదని, ఆఫ్రికాలోని గిజిగాని జాతి పక్షులలో పడుచు మగపక్షులు అభ్యాసం మీదనే నేర్పు గడిస్తాయని పరిశీలకులు గుర్తించినారు. సహజమా, అభ్యస్తమా అని రెండుగా విడదీయడం చూపునకు కనిపించినంత సులభం కాదన్నమాట.

కథల నుంచి పరీక్షలకు

చార్లెస్ డార్విన్ 1871లో ప్రకటించిన మానవావతరణ గ్రంథంలో, మనిషి మనస్సుకు ఉన్నత జంతువుల మనస్సుకు నడుమ భేదం తరతమభావంలోనే గాని జాతిలో కాదన్నాడు. ఆయన అనుయాయి జార్జ్ రోమేన్స్ 1882లో జంతువుల తెలివిని గురించి పెద్ద గ్రంథం వెలువరించినాడు. అందులో ఎక్కువభాగం ఇతరులు వ్రాసి పంపిన వృత్తాంతాలు. ఆప్తవాక్యం ప్రమాణమే, కాని తన కుక్కను గురించి చెప్పే యజమాని ఆప్తుడా? యథార్థం చెప్పవలెనన్న కోరిక ఉన్నా, చూచినదానికి తనకు తెలియకుండానే భాష్యం కూడా కలిపి చెప్పేవాడు ఆప్తుడు కాజాలడు.

కాన్వే లాయడ్ మోర్గన్ ఈ లోపాన్ని పట్టుకొన్నాడు. ఆయన పెంచిన టోనీ అనే కుక్క తలతో గడియ ఎత్తి తోట గేటు తెరచుకొని వీథిలోకి పోయేది. ఆ చివరి చేష్టను మాత్రమే చూచినవాడు కుక్కకు గడియ పనిచేసే తీరు తెలుసునని అంటాడు. మోర్గన్ మొదటినుంచీ చూచినాడు. కుక్క ఇనుపకమ్మీల నడుమ ఎక్కడెక్కడో తల దూర్చగా దూర్చగా ఒకనాడు గడియ దానంతట లేచింది. పిదప పనికిరాని ప్రయత్నాలు ఒక్కొక్కటే రాలిపోయి పనికివచ్చినది నిలిచింది. దీనినుంచి ఆయన 1894లో ఒక నియమం చేసినాడు. తక్కువ మెట్టు మనశ్శక్తితో ఉపపన్నమయ్యే చేష్టకు ఎక్కువ మెట్టు శక్తిని కల్పించరాదన్నది దాని సారం. ఇది మన శాస్త్రకారుల లాఘవన్యాయమే. అయితే లాఘవం స్వతంత్రప్రమాణం కాదు, సమానంగా ఉపపన్నమైన రెండు పక్షాలలో ఒకదానివైపు మొగ్గు చూపే సహాయం మాత్రమేనని నైయాయికులకు తెలుసు. మోర్గన్ కూడా, వేరే సాక్ష్యం ఉన్నప్పుడు ఉన్నతశక్తిని ఒప్పుకోవడానికి తన నియమం అడ్డు కాదని తరువాతి కూర్పులో స్పష్టం చేసినాడు. ఆయన తరువాతివారు ఆ సవరణను మరచి, లాఘవాన్నే ప్రమాణం చేసి, కొన్ని దశాబ్దాలపాటు జంతువుల మనస్సు అన్న మాటనే శాస్త్రం నుంచి బహిష్కరించినారు. అంతేగాక లాఘవమూ ఒక తీరుగా ఉండదు. మనిషీ చింపాంజీ సన్నిహిత జ్ఞాతులు గనుక, ఇద్దరిలో కనిపించే ఒకే విధమైన చేష్టకు రెండు వేర్వేరు కారణాలు కల్పించడమే గౌరవమని ఫ్రాన్స్ డి వాల్ వంటివారు వాదించినారు. ఒకరి లాఘవం మరొకరికి గౌరవం కావడం వాదరంగంలో వింత కాదు.

గుర్రం లెక్కలో ఉపాధి

ఇరువదవ శతాబ్దం తొలినాళ్లలో బెర్లిన్ నగరంలో విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే విశ్రాంత ఉపాధ్యాయుడు హాన్స్ అనే తన గుర్రానికి లెక్కలు నేర్పినానని ప్రకటించినాడు. కూడికయో తీసివేతయో అడిగితే గుర్రం డెక్కతో అన్నిసార్లు నేలను తట్టేది. యజమాని మోసగాడు కాడు. ప్రదర్శనకు రుసుము పుచ్చుకోలేదు. 1904లో విద్వాంసుల సంఘం ఒకటి పరీక్షించి కపటమేమీ లేదని చెప్పింది. యజమాని లేనప్పుడు ఇతరులు ప్రశ్నించినా గుర్రం జవాబు చెప్పేది. తరువాత ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే యువకుడు రెండు మార్పులు చేసి చూచినాడు. ప్రశ్నించేవానికే జవాబు తెలియకుండా చేసినాడు. గుర్రానికి ప్రశ్నించేవాడు కనబడకుండా చేసినాడు. రెండింటిలోనూ గుర్రం తప్పింది. తట్టడం సరైన సంఖ్యకు చేరగానే ప్రశ్నించినవాని తల తనకు తెలియకుండానే రవ్వంత కదిలేది. గుర్రం దానిని చూచి ఆగేది. ఫుంగ్స్ట్ 1907లో ఈ వివరాలు ప్రకటించినాడు. రహస్యం తెలిసిన పిదప కూడా తాను ఆ కదలికను పూర్తిగా అణచుకోలేకపోయినట్లు ఆయన గుర్తించినాడు.

దీనిని అవయవవాక్యంగా పెడితే, గుర్రం పక్షం; గణితజ్ఞానం సాధ్యం; ప్రశ్నకు తగిన సంఖ్యలో తట్టడం హేతువు. ఇక్కడ తల కదలికయే ఉపాధి అని తొందరపడి అనవచ్చును గాని అది సరికాదు. ఉపాధి సాధ్యానికి వ్యాపకం, సాధనానికి అవ్యాపకం కావలె. తల కదలిక గణితజ్ఞానమున్న చోటులన్నింటా ఉండదు. అది హేతువును అన్యథాసిద్ధం చేసేది మాత్రమే. జవాబు తెలిసినవాడు ఎదుట లేకపోయినా జవాబు చెప్పగలగడమన్నదే నిజమైన ఉపాధి. గణితం తెలిసిన ప్రతివానియందు అది ఉంటుంది; కాబట్టి సాధ్యవ్యాపకం. హాన్స్ యందు సరిగా తట్టడం ఉన్నా అది లేదు, కాబట్టి సాధనావ్యాపకం. ఉపాధి లేకపోవడాన్నిబట్టి పక్షంలో సాధ్యం కూడా లేదని తేలుతుంది. జంతువుల మీద జరిగే ప్రయోగాలలో పరీక్షకునికి సైతం సమాధానం తెలియనీయరాదన్న కట్టడి ఈ వృత్తాంతం వల్లనే పాఠ్యవిషయమైంది. పాఠశాలలో ఉపాధిని బోధించేటప్పుడు తడికట్టెల సంయోగంతో పాటు ఈ గుర్రాన్ని కూడా దృష్టాంతంగా చూపితే విద్యార్థులకు లక్షణం మరపురాదు. హాన్స్ పరాజయం మాటున మరుగుపడిన సంగతి మరొకటి ఉన్నది. విద్వాంసుల సంఘానికే కనిపించని కదలికను ఆ గుర్రం పసిగట్టింది. గణితం రాకపోవచ్చును గాని, అది మందబుద్ధి కాదు.

ఆ కాలంలోనే అమెరికాలో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ పిల్లులను గడియ పెట్టెలలో ఉంచి, అవి వెలికి రావడానికి పట్టిన కాలాన్ని లెక్కించి, అది క్రమంగా తగ్గిందే గాని ఆలోచన తట్టినట్లు ఒక్కసారిగా తగ్గలేదని 1898లో చూపినాడు. ఆ తరువాత టెనెరిఫ్ ద్వీపంలో వోల్ఫ్‌గాంగ్ కోలర్ చింపాంజీలను పరిశీలించి దీనికి ప్రత్యుదాహరణం తెచ్చినాడు. పెట్టెల మీద పెట్టెలు పేర్చి, కర్రకు కర్ర అతికించి అవి పండ్లు అందుకొన్నవి. కాని కర్రలతో ఆడిన అనుభవం లేని చింపాంజీలు అట్టి పరీక్షలో చాలావరకు విఫలమైనవని, మూడు రోజులు కర్రలతో ఆడుకోనిచ్చిన పిదప అవే సునాయాసంగా సాధించినవని హెర్బర్ట్ బర్చ్ 1945లో నిరూపించినాడు. సంస్కారం లేనిదే స్ఫురణ లేదన్నమాట.

కాకి, కడవ

దప్పిగొన్న కాకి కడవలో రాళ్లు వేసి నీటిని పైకి తెచ్చుకొన్న కథ ఈసప్ కథలలోనిది. తెలుగు వాచకాలలో చిరపరిచితం. 2009లో కేంబ్రిడ్జిలో క్రిస్టఫర్ బర్డ్, నేథన్ ఎమరీ దానిని పరీక్షగా మార్చినారు. రూక్ అనే కాకిజాతి పక్షులు నాలుగింటి ముందు నీరున్న గొట్టంలో పురుగును తేలనిచ్చి, ప్రక్కన రాళ్లు ఉంచినారు. పక్షులు రాళ్లు వేసి పురుగును అందుకొన్నవి. పెద్దరాళ్లు ఏరుకోవడం, రంపపుపొట్టు నింపిన గొట్టాన్ని విడిచి నీటిగొట్టానికే రావడం కూడా నేర్చినవి.

కథ నిజమైందని పత్రికలు వ్రాసినవి. అనుమానం మాత్రం అంతటితో ముగియదు. ఆ పక్షులకు గొట్టంలో రాయి వేయడం వేరొక పరీక్షలో అంతకుముందే అలవడింది. రాయి పడినప్పుడల్లా ఆహారం కొంత దగ్గరవుతుంది. ఆ దగ్గరకావడమే బహుమానమై తదుపరి రాయిని వేయించవచ్చును. అప్పుడు నీటి స్వభావం తెలియనక్కరలేదు, హేతువు అన్యథాసిద్ధం. ఈ శంకను తీర్చడానికి 2011లో కేంబ్రిడ్జిలో జే పక్షులపైన, 2014లో న్యూ కలెడోనియా ద్వీపపు కాకులపైన ఒక చమత్కారమైన పరికరాన్ని ప్రయోగించినారు. రెండు గొట్టాలు అడుగున కనబడకుండా కలిసి ఉంటాయి. ఆహారమున్న గొట్టం సన్ననిది, రాయి పట్టదు. ప్రక్క గొట్టంలో రాయి వేస్తే ఆహారం ఇక్కడ లేస్తుంది. ఆహారం దగ్గరకావడమే నేర్పించేదైతే పక్షులు ఇక్కడ కూడా నేర్చుకోవలె. నేర్చుకోలేదు. ఆ కాకులే తేలేవాటిని విడిచి మునిగేవాటిని, బోలువాటిని విడిచి గట్టివాటిని ఏరుకొన్నవి. ఈ పరీక్షలో ఓటమే సాక్ష్యం. కేవల బహుమానవాదం దీనివల్ల దెబ్బతిన్నది. కాకికి కనబడని కారణాన్ని కల్పించుకొనే శక్తి ఉన్నదన్న వాదమూ నిలువలేదు. కంటికి కనిపించే కారణకార్య సంబంధాన్ని పట్టుకొనే శక్తి ఏదో ఉన్నదన్నంతవరకే సిద్ధించింది. అంతకు మించి చెప్పకపోవడమే శాస్త్రం.

బెట్టీ అనే కాకి చరిత్ర కూడా ఇట్టిదే. 2002లో ఆక్స్‌ఫర్డ్‌లో న్యూ కలెడోనియా నుంచి తెచ్చిన ఆ కాకి, తిన్నని తీగను కొక్కెంగా వంచి గొట్టంలోని చిన్న బొక్కెనను పైకి లాగింది. అది అప్పటికప్పుడు పుట్టిన ఊహ అని ప్రసిద్ధి వచ్చింది. అడవినుంచి పట్టి తెచ్చిన ఆ జాతి కాకులు మెత్తని పుల్లలను సహజంగానే వంచుకొంటాయని 2016లో తేలింది. అంతటితో బెట్టీ చేసినదానికి జాతిస్వభావం కూడా ఒక కారణంగా నిలిచింది. అయితే అడవిలో పనిముట్లనే వాడని రూక్ పక్షులు కూడా కేంబ్రిడ్జిలో తీగను వంచినందువల్ల ఆ వాదం సర్వత్ర చెల్లదు. ప్రతి పక్షానికీ ప్రతిపక్షం లేచే ఈ తీరు చూచి విసుగు చెందేవారున్నారు. వాదగ్రంథాలు చదివినవారికి ఆ విసుగు కలుగరాదు.

కనిపించకపోవడం లేకపోవడమా

ఇంతవరకు చెప్పినది లేని బుద్ధిని ఆరోపించే దోషాన్ని గురించి. దీనికి విపర్యయం ఏనుగు విషయంలో జరిగింది. నేలమీద కుండ లేదని ఎట్లా తెలుస్తుంది? ఉండి ఉంటే నేల కనబడినట్లే కనబడేది, కనబడలేదు, కాబట్టి లేదు. అదే రీతిలో స్తంభంలో పిశాచం లేదని చెప్పరాదు. పిశాచం ఉన్నా కంటికి కనబడే యోగ్యత దానికి లేదు. అనుపలబ్ధి అభావాన్ని సాధించాలంటే యోగ్యత కావలెనని అందుకే నియమించినారు.

అద్దంలోని ప్రతిబింబం తనదేనని ప్రాణి గుర్తించునా అన్న పరీక్షను గోర్డన్ గాలప్ 1970లో చింపాంజీలపై చేసినాడు. తనకు కనబడని చోట మొగంపై గుర్తు పెట్టి, అద్దంలో చూచి ప్రాణి ఆ గుర్తును తడుముకొంటే తనను గుర్తించినట్లు. 1989లో రెండు ఏనుగులను పరీక్షించగా తప్పినవి. ఆ అద్దం చిన్నది. ఏనుగులకు అందనంత దూరంలో ఉన్నది. 2006లో న్యూయార్క్ బ్రాంక్స్ జంతుప్రదర్శనశాలలో ఏనుగు తాకి, వాసన చూచి, వెనుకకు కూడా పరికించడానికి వీలైన పెద్ద అద్దం పెట్టినారు. మూడు ఏనుగులలో హాపీ అనే ఆడ ఏనుగు తలపై గుర్తును తొండంతో పలుమార్లు తడుముకొన్నది. ఏనుగుకు కర్ర ఇచ్చి పండును అందుకొమ్మన్న పరీక్షలూ ఇట్టివే. తొండం మనకు చేయిగా తోస్తుంది గాని ఏనుగుకు అది ముక్కు. కర్ర పట్టుకొంటే వాసన, స్పర్శ రెండూ అడ్డుపడతాయి. 2011లో వాషింగ్టన్ జంతుప్రదర్శనశాలలో కందుల అనే పడుచు మగ ఏనుగు కర్రలను ముట్టలేదు. పెద్ద పెట్టెను దొర్లించుకొని వచ్చి, దానిపై ముందుకాలు మోపి, పండును అందుకొన్నది. పెట్టెను కనబడని చోట ఉంచినా వెదకి తెచ్చుకొన్నది. పూర్వపు అనుపలబ్ధి యోగ్యానుపలబ్ధి కాదని ఈ రెండు పరీక్షలవల్ల తేలింది.

ఇది పండితుల గోష్ఠికి మాత్రమే పరిమితమైన విచారం కాదు. హాపీని నిర్బంధం నుంచి విడిపించవలెనని న్యాయస్థానంలో వ్యాజ్యం నడిచింది. న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానం 2022లో అయిదుగురు న్యాయమూర్తులు ఒకవైపు, ఇద్దరు మరొకవైపుగా దానిని త్రోసిపుచ్చింది. ఒక అద్దం పరిమాణంలో జరిగిన పొరపాటు ఒక ప్రాణి భవితవ్యానికి సంబంధించిన వాదంలో ఎంత దూరం పోగలదో ఇక్కడ తెలుస్తుంది.

బుద్ధి పెరిగిన దారులు

మెదడు పోషణకు ఖర్చు చాల ఎక్కువ. మనిషి శరీరపు బరువులో అది వందకు రెండు వంతులు మాత్రమే. విశ్రాంతిలో శరీరం వెచ్చించే శక్తిలో ఇంచుమించు వందకు ఇరువది వంతులు దానికే పోతుంది. ఇంత ఖర్చుకు తగిన లాభం లేకపోతే ప్రకృతివరణంలో అది నిలువదు. ఆ లాభమేమిటన్న ప్రశ్నకు రెండు ప్రధాన సమాధానాలున్నవి. గుంపులో ఎవరు మిత్రుడు, ఎవరు శత్రువు, ఎవరు ఎవరికి లోబడేది గుర్తుంచుకోవలసి రావడమే కారణమని నికొలస్ హంఫ్రీ 1976లో ప్రతిపాదించినాడు. ఏ పండు ఎక్కడ ఎప్పుడు పండుతుందో తెలుసుకోవలసిన ఆహారాన్వేషణమే కారణమని రెండవ పక్షం. కోతిజాతులను పోల్చిన 2017 నాటి ఒక పెద్ద పరిశీలనలో మెదడు పరిమాణానికి గుంపు పరిమాణంకంటె ఆహారమే దగ్గరి సంబంధం చూపింది. ఈ రెండూ పరస్పరవిరుద్ధాలు కానక్కరలేదు.

గుంపులో నడవడికను తెలుసుకోవడానికి దూరదేశాలకు పోనక్కరలేదు. మన దక్షిణదేశపు దేవాలయాల చుట్టూ తిరిగే టోపీకోతులను అనింద్య సిన్హా పరిశీలించి 1998లో ప్రకటించిన విషయం గమనింపదగినది. రెండు ఆడకోతులు ఒకదానినొకటి పేలు చూచుకొంటూ ఉండగా, ఆ రెండింటికంటె అధికురాలైన మూడవది వస్తుంది. సాధారణంగా ముగ్గురిలో అట్టడుగుది లేచిపోతుంది, నడిమిది కూర్చునే ఉంటుంది. వచ్చినది నడిమిదానికి కూడా అధికురాలే. కేవలం భయమే కారణమైతే అదీ లేవవలె. కూర్చున్నదంటే తన స్థానాన్ని మాత్రమే గాక తక్కిన ఇద్దరి తారతమ్యాన్ని కూడా అది లెక్కించినదని పరిశీలకుని నిర్ణయం.

కోతికి మనిషికి జ్ఞాతిత్వమున్నది గనుక ఇది ఆశ్చర్యం కాదు. పక్షుల సంగతి వేరు. పక్షులకు, పాలిచ్చే జంతువులకు ఉమ్మడి పూర్వజంతువు ముప్పది కోట్ల సంవత్సరాలకు పూర్వం జీవించింది. పక్షుల మెదడులో ముడతలు పడిన పైపొర లేదు గనుక వాటికి సహజాతం తప్ప ఆలోచన లేదని లుడ్విగ్ ఎడింగర్ కాలం నుంచి శరీరశాస్త్రజ్ఞులు నమ్మినారు. ఇదీ యోగ్యత లేని అనుపలబ్ధియే. మనిషి మెదడు ఆకారాన్ని వెదకి, అది లేదు గనుక పనీ లేదన్నారు. పక్షుల మెదడు భాగాలకు పెట్టిన పాతపేర్లను 2004 ప్రాంతంలో శాస్త్రజ్ఞులు మార్చవలసి వచ్చింది. కాకులలో, చిలుకలలో ముందుమెదడు నాడీకణాలు ఎంతో దట్టంగా కూర్చబడి ఉన్నవని, వాటి సంఖ్య అంతకంటె పెద్ద మెదడున్న కొన్ని కోతులతో సమానమని 2016లో లెక్క తేలింది. ఆక్టోపస్ ఇంకా దూరపుది. మనకూ దానికీ ఉమ్మడి పూర్వికం యేభై కోట్ల సంవత్సరాలకు వెనుకటిది. దాని నాడీకణాలు యేభై కోట్ల వరకు ఉంటాయి. వాటిలో మూడింట రెండు వంతులు చేతులలోనే ఉన్నవి. కాకికీ కోతికీ తెలివి విడివిడిగా అబ్బడం ఒక్కసారి జరిగినదైతే కాకతాళీయమనవచ్చును. ఇన్ని శాఖలలో జరిగినప్పుడు ఆ న్యాయం చెల్లదు. సమానమైన చిక్కులు వేర్వేరు శరీరాలచేత సమానమైన పరిష్కారాలను చేయించినవని అనవలసి వస్తుంది.

పరచిత్తజ్ఞానం

భాష్యంలోని ఆవు వద్దకు ఇప్పుడు తిరిగి రావచ్చును. ఎదుటివాని చేష్టను చూచి తొలగడం వేరు, ఎదుటివాని ఇచ్ఛను గ్రహించి తొలగడం వేరు. చింపాంజీకి పరుల మనస్సు తెలుసునా అని డేవిడ్ ప్రీమాక్, గై వుడ్రఫ్ 1978లో లేవనెత్తిన ప్రశ్న ఇదే. 2004లో ఒక ప్రయోగం జరిగింది. చింపాంజీకి పండు ఇవ్వదలచి అందించలేక జారవిడిచేవాడొకడు, ఇవ్వగలిగి ఉండీ ఇవ్వనివాడొకడు. రెండు చోట్లా పండు చేతికి రాలేదు. ఇవ్వనివానియెడల చింపాంజీలు ఎక్కువ అసహనం చూపినవి. అయినప్పటికీ చేతికదలికలోని భేదాన్నే అవి గుర్తించినవేమో అని వాదించడానికి చోటున్నది. కనిపించే చేష్ట ఉన్నంతవరకు ఈ శంక వదలదు.

చేష్టయే కనబడకుండా చేసిన పరీక్షను వియన్నా విశ్వవిద్యాలయానికి చెందిన థామస్ బగ్న్యార్, తన సహచరులతో కలిసి 2016లో ప్రకటించినాడు. రేవన్ అనే పెద్దకాకి ఆహారాన్ని దాచుకొంటుంది. మరొక రేవన్ చూస్తున్నదని తెలిస్తే త్వరత్వరగా దాచి, ఆ చోటికి మళ్లీ మళ్లీ రాదు. రెండు గదుల నడుమ గోడలో చిన్న రంధ్రం పెట్టి, ఆ రంధ్రం గుండా ప్రక్కగదిలోని ఆహారాన్ని కనిపెట్టడం ముందుగా ఆ పక్షులకే అలవాటు చేసినారు. పిదప ప్రక్కగదిలో పక్షి ఏదీ లేకుండా, ముందే పట్టి ఉంచిన రేవన్ కూతలను మాత్రం వినిపించినారు. రంధ్రం మూసి ఉన్నప్పుడు పక్షులు నిబ్బరంగా దాచుకొన్నవి. రంధ్రం తెరచి ఉన్నప్పుడు, ఎవరో చూస్తున్నట్లే త్వరపడినవి. అక్కడ చూడదగిన కన్ను లేదు, తిరిగే తల లేదు. ఉన్నది శబ్దం, రంధ్రం, ఆ రంధ్రం గుండా తాను చూచిన పూర్వానుభవం. తన ఆత్మలో కనిపించినదే పరులయందు లింగమని కణాదుడు మనుష్యునికి చెప్పిన అనుమానం, ఇక్కడ గోడకు ఈవలనున్న పక్షి చేసినట్లు కనిపిస్తుంది. ఆ పక్షికి వ్యాప్తిజ్ఞానం ఉన్నదా, లేక శబ్దమూ తెరచిన రంధ్రమూ కూడినప్పుడు కలిగే ఒక సంస్కారోద్బోధం మాత్రమేనా అన్నది ఆ తరువాతి సంశయం. దానిని తీర్చే పరీక్షలో ఆ రెండవ పక్షానికి ఎక్కడ వ్యభిచారం చూపవచ్చునో ముందుగా నిర్ణయించుకోవలసి ఉంటుంది.